బడికి ఆలస్యమైన రాక్షసుడు

ఆ ఏడు ఆకురాలు కాలమంతా మా మనవరాల్ని చెయ్యి పట్టుకుని బడికి నడిపించినవాణ్ణి నేనే. చీకట్లో, మంచులో, వానలో. ఒక్క పూట ఆలస్యం లేదు, ఒక్క అడుగు తడబడింది లేదు. కళ్ళకు గంతలు కట్టి వదిలినా ఆ దారిలో తిన్నగా నడిచి బడి గేటు దగ్గర తేలేవాణ్ణి. నమ్మకపోతే కూడలి దగ్గర పలక పట్టుకుని నిలబడే ఆగమ్మను అడగండి. వద్దులెండి, ఆవిణ్ణి అడక్కండి. నన్నే అడగండి, చెబుతాను.

మావాడిది రొట్టెల కార్ఖానాలో రాత్రి పని. పిల్ల బడికి వెళ్ళాక ఇంటికొచ్చేవాడు, పిల్ల తిరిగొచ్చేసరికి నిద్రలో ఉండేవాడు. తండ్రీకూతుళ్ళు ఒకే గదిని వంతులవారీగా అద్దెకు తీసుకున్నవాళ్ళలా ఉండేవారు. కోడలు బస్సుల డిపోలో బస్సులు కడిగేది. ఆ ఏడే, కడిగిన బస్సుల్ని తనే నడుపుతానని పట్టుబట్టి డ్రైవరు శిక్షణలో చేరింది. తెల్లవారకముందే అక్కడ హాజరుండాలి. పూట తప్పితే పేరు కొట్టేస్తారు. కొట్టేస్తే మళ్ళీ ఏడాదిదాకా ఆ గుమ్మం తొక్కనివ్వరు.

"మరి పిల్లని పొద్దున్నే ఎవరు దింపుతారు?" అని మావాడు గొణిగాడు.

"నేనుండగా ఆ ప్రశ్నేంట్రా?" అన్నాను.

నా మాటకి ఇంట్లో ఎదురు లేదు. పిల్ల కూడా సరేనంది. దాన్ని మేం మిరియం అంటాం. రెండో తరగతి. చూడ్డానికి ఇంతే ఉంటుంది, కొరికితే తెలుస్తుంది.

ప్రతి శుక్రవారం బడివాళ్ళు పిల్లల సంచుల్లో ఒక కాయితం పెట్టి పంపేవారు. నారింజ రంగు కాయితమట. "ఆకురాలు కాలం: ఇంటివాళ్ళకు వార్తలు, గుర్తుచేతలు" అని పైన పెద్ద అక్షరాలు. సాయంత్రం వంటగదిలో బల్ల చుట్టూ కూర్చునేవాళ్ళం. కోడలు రోడ్డు గుర్తుల బొమ్మలు ముందేసుకుని కంఠతా పడుతుండేది. నేను జేబులు తడుముకుని, "కళ్ళజోడు ఎక్కడో పెట్టానే మిరియం, నువ్వే చదువు" అనేవాణ్ణి. అది వేలు కింద పెట్టుకుని అక్షరమక్షరం నమిలి చదివేది.

"పొద్దున్నపూట చీకటిగా ఉంటోంది. పిల్లలకు మెరిసే రంగు కోట్లు వెయ్యండి."

"వేద్దాం."

"గంట మోగగానే గేటు మూస్తాం."

"మా పల్లె బడికి గోడే లేదు, ఇంక గేటెక్కడిది? ఆలస్యమైతే మేమే బడిని కాసేపు ఆగమనేవాళ్ళం."

"తలలో పేలు ఉన్నాయేమో చూసుకోండి."

"మా రోజుల్లో పేలక్కూడా హాజరు వేసేవారు. మా పంతులు ఒకసారి పేరు పిలిస్తే మా పక్కవాడి నెత్తిమీంచి 'ఉన్నానండీ' అని వినపడింది."

"మావయ్యా, దాన్ని చదవనివ్వండి" అనేది కోడలు, నవ్వు ఆపుకుంటూ.

"మూడో తరగతిలోపు పిల్లల్ని పెద్దవాళ్ళు గేటు దగ్గర చేతికి చెయ్యి అప్పజెప్పాలి. నడక వరుస మొదలుపెట్టాలని ఉంది. పొడుగాటి తాడుకు ముడులుంటాయి, ఒక్కో ముడి ఒక్కో పిల్ల పట్టుకోవాలి. ముందు నడవడానికి పెద్దవాళ్ళు కావాలి."

"తాడు పట్టుకుని నడవడానికి మనమేమన్నా దూడలమా? తర్వాతేంటి?"

"కోట్లమీద, టోపీలమీద పిల్లల పేర్లు రాయండి. పేరు లేనివన్నీ పోయిన వస్తువుల పెట్టెలో ఉంటాయి. నెలాఖరులోగా తీసుకెళ్ళకపోతే ఎవరికైనా ఇచ్చేస్తాం." మిరియం తలెత్తింది. "ఎవరికైనా అంటే ఎవరికి తాతయ్యా?"

ఇలాంటి ప్రశ్న నన్నడిగితే నేనూరుకుంటానా?

"అసలిదంతా ఒక రాక్షసుడివల్ల వచ్చింది" అన్నాను. "వాళ్ళమ్మ వాడి వస్తువులమీద పేర్లు రాయలేదు. మొదటిరోజే లేవడం ఆలస్యమైంది. మన వీధిలోంచే పరుగు. ఆ పరుగులో జేబులోంచి దువ్వెన పడిపోయింది. అదే మన మెట్ల పక్కనుంచి మొదలయ్యే ఇనుప కమ్మీల వరస. తర్వాత ఆయాసమొచ్చి ఊపిరి వదిలేశాడు. అది ఇస్త్రీ కొట్టు దగ్గర ఇప్పటికీ వేడిగా తిరుగుతోంది. తర్వాత ఒక కాలి బూటు ఊడిపోయింది."

"ఎక్కడ?"

"వీధి చివర ఎర్రగా నిలబడి ఉంటుందే, తపాలా డబ్బా. అది డబ్బా అనుకుని జనం అందులో ఉత్తరాలు వేస్తున్నారు. చివరికి కూడలి దగ్గర కాలు జారి బోర్లాపడితే పన్ను ఊడింది. ఆ తెల్ల రాయి అదే."

"బడికి అందాడా మరి?"

"గేటు మూసేశారు. ఇప్పటికీ ఆలస్యంగానే ఉన్నాడు."

మిరియం ఆ రెండు రోజులూ ఏమాలోచించిందో గాని, సోమవారం పొద్దున్న మెట్లు దిగగానే నా చెయ్యి లాగి, "దువ్వెన!" అంది. చెయ్యి చాపితే చల్లటి కమ్మీలు వేళ్ళకి తగిలాయి. కమ్మీలు అయిపోయాక ఇంకాస్త నడిచి "ఊపిరి!" అంది. ముఖానికి ఆవిరి కొట్టింది. "బూటు!" అంది. తర్వాత "పన్ను!" అంది. అంతే, కూడలి వచ్చేసింది.

ఇక్కడ మీకో సంగతి చెప్పాలి. నేను బతుకంతా గోడలకి సున్నాలు, రంగులు వేసినవాణ్ణి. ఆ ఏడు ఎండలు తగ్గినప్పట్నుంచి ఎవరో నా కళ్ళముందు ప్రపంచానికి నీళ్ళ సున్నం పూస్తున్నారు. మొదట ఒక పూత, దానిమీద ఇంకోటి. పనివాడెవడో గాని నాగా పెట్టడు. ఎండపూట మనుషులు నీడల్లా కదిలేవారు. చీకటి పొద్దుల్లో ఆ నీడలు కూడా ఉండేవి కావు. కళ్ళజోడు ఎక్కడా పోలేదు, అది నా చొక్కా జేబులోనే ఉండేది. పెట్టుకుంటే సున్నం ఇంకాస్త దగ్గరగా కనిపించేది, అంతే.

చెప్పొచ్చు కదా అంటారు. చెబితే కోడలు మర్నాడే డిపో మానేసి ఇంట్లో కూర్చునేది. ఆ సంగతి మాత్రం కళ్ళతో పనిలేకుండానే నాకు స్పష్టంగా కనిపించింది. ఆకులన్నీ రాలేలోపు ఆవిడ పరీక్ష. బస్సు చేతికొచ్చిన రోజున నేనే చెబుదామనుకున్నాను. అప్పటిదాకా లాగాలి. ఎలాగైనా లాగాలి.

రాక్షసుణ్ణి కల్పించింది పిల్ల సరదాకే. కాని వాడు పారేసుకున్న వస్తువుల్ని పట్టుకుని బడికి వెళ్ళింది నేను. చూశారా, మొదట్లో అన్న మాట ఎంతసేపు నిలబడిందో! ఎవరు ఎవర్ని నడిపించారో మీకు అర్థమైపోయింది. పోనివ్వండి, చెయ్యి పట్టుకున్నమాట మాత్రం నిజం.

కూడలి దగ్గర రోడ్డు దాటించే ఆవిడకి పిల్లలు పెట్టిన పేరు ఆగమ్మ. ఆవిడ పలకమీద "ఆగు" అని ఉంటుంది. గొంతు మాత్రం పలక అక్కర్లేనంత ఉంటుంది. ఒకరోజు దాటబోతుంటే పలకరించింది.

"పెద్దాయనా, కొత్త పలకిచ్చారు నాకు. ఎలా ఉంది?"

"బ్రహ్మాండంగా ఉందమ్మా. అల్లంత దూరాన్నించే మెరిసిపోతోంది."

"ఇవాళ పలకే తేలేదు. నా చేతిలో ఉన్నది గొడుగు."

మిరియం కిసుక్కున నవ్వింది. ఆగమ్మ మమ్మల్ని దాటించి, పిల్ల రెండడుగులు ముందుకెళ్ళగానే నా చెవి దగ్గరకి వచ్చింది.

"ఇంట్లో తెలుసా?"

"కోడలి పరీక్ష అయిపోనియ్యమ్మా. తర్వాత నువ్వు దండోరా వేసుకో."

"పిల్ల చెయ్యి వదిలారని తెలిసిందో, ఆ రోజే మీ ఇంటికొస్తాను."

"వదిలితే కదా!"

ఆకులు తడిసి నేలకి అంటుకుపోయే రోజులొచ్చాయి. ఆ శుక్రవారం కాయితంలో కొత్త గుర్తుచేత ఒకటి వచ్చింది. వీధి చివర నీళ్ళ గొట్టాలకోసం తవ్వుతున్నారు, నడిచివచ్చేవాళ్ళు తపాలా డబ్బా దగ్గర ఎడమవైపు సందులోకి తిరగాలి అని.

"అంటే బూటు దగ్గర ఎడమకి" అన్నాను.

"బూటు దగ్గర ఎడమకి" అంది మిరియం. తర్వాత కాయితం మీద వేలు కిందకి జరిపి, "పోయిన వస్తువుల పెట్టె వచ్చేవారం ఖాళీ చేస్తారంట. ఇదే ఆఖరిమాటంట" అని చదివి, చాలాసేపు మాట్లాడలేదు. దాని మౌనాన్ని నేను పట్టించుకోవలసింది. కథలు అల్లేవాడి ఇంట్లో పిల్ల మాట్లాడకుండా కూర్చుందంటే లోపల ఏదో ఉడుకుతోందన్నమాట.

పెట్టె ఖాళీ చేసే రోజు తెల్లారేసరికి పొగమంచు. మామూలు మనుషులకే కళ్ళముందు పెట్టుకున్న చెయ్యి కనపడనంత మంచని తర్వాత అందరూ అన్నారు. నాకు రోజూ ఉన్నట్టే ఉంది. మిరియం తుళ్ళుతూ నడుస్తోంది.

"దువ్వెన!"

కమ్మీలు తగిలాయి.

"ఊపిరి!"

ఆవిరి తగిలింది.

ఆ తర్వాత కూనిరాగం తీసింది తప్ప ఏమీ అనలేదు. నడిచాను. ఈపాటికి రావాలే అనుకున్నాను.

"బూటేదే?"

"లేదు" అంది.

ఇంకా రాలేదు కాబోలు, మంచులో మెల్లగా నడుస్తున్నామేమో, గంట కొట్టేస్తారేమో అని అడుగు పెంచాను.

"లేదు తాతయ్యా, ఇవాళ ఆఖరిరోజుగా! పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళిపోయా..."

పనివాళ్ళు అడ్డంగా కట్టిన తాడు నా నడుముకి తగిలి మర్యాదగా తెగిపోయింది. ఆ పైన కాలికింద నేల లేదు. మేడంత లోతు గొయ్యి. ఎంత లోతంటే, పడుతూ పడుతూ మధ్యలో ఒకసారి తుమ్మాను కూడా. సరే, మోకాలి లోతు. బురదతో కలిపి.

పడేముందు నేను చేసిన మంచిపని ఒక్కటే. పిల్ల చెయ్యి వదిలేశాను.

"మిరియం!" అని అరిచాను.

"ఇక్కడే ఉన్నా. గట్టుమీద." అని అరిచింది. "బూటు దగ్గర తిరగాలిగా తాతయ్యా! తిరగలేదేంటి?"

"బూటు లేదన్నావుగా!"

"కథలో లేదు. అక్కడ ఉంది."

అదండీ సంగతి. రాక్షసుడు తన బూటు ఎవరికో ఇచ్చేస్తారేమోనని పాపం పొద్దున్నే వచ్చి తీసుకెళ్ళినట్టు అది రాత్రే కథ మార్చేసుకుంది. నన్ను ఆశ్చర్యపరుద్దామని దాచిపెట్టింది. మంచి మార్పే, నేనే ఆలోచించవలసిన మార్పు. కాని ఆ దారిలో కథమీద కాలు వేసి నడిచేవాడు ఒకడున్నాడని ఆ సంబరంలో అది మర్చిపోయింది.

నా అరుపు విని ఆగమ్మ సందులోంచి పరుగెత్తుకొచ్చింది. పలక కర్ర నా చేతికందించి, "పట్టుకోండి" అంది. నేను పైకి వస్తున్నంతసేపూ ఆవిడ కింద నన్నూ, ఆకాశంలో దేవుణ్ణీ, మధ్యలో గొట్టాల పనివాళ్ళనీ కలిపి తిడుతూనే ఉంది. మిరియం నా చెయ్యి అందుకుని ఇంక వదల్లేదు. దూరంగా బడి గంట మోగింది.

మేం వెళ్ళేసరికి గేటు మూసి ఉంది. పక్కన చిన్న తలుపు తీసి పంతులమ్మ బయటికొచ్చింది. నన్ను చూసి ఏమనుకుందో తెలీదు. నడుముదాకా బురద, నెత్తిమీద ఆకులు, చేతిలో ఆగమ్మ పలక. కర్రలా పట్టుకుని అలాగే వచ్చేశాను.

"పాపని ఎవరు తీసుకొచ్చారు?" అంది. రోజూ అడిగే మాటే. రోజూ నేను ఛాతీ విరిచి "నేనేనమ్మా" అనేవాణ్ణి. ఆ రోజు కూడా నోరు తెరిచాను.

"నేనే వచ్చాను మేడమ్" అంది మిరియం. "తాతయ్యని కూడా నేనే తీసుకొచ్చాను. రోజూ నేనే తెస్తాను."

పంతులమ్మ నా చేతిలో ఉన్న పిల్ల చెయ్యిని మెల్లగా తన చేతిలోకి తీసుకుంది. మా ఇద్దర్నీ లోపలికి పిలిచి, నాకు పిల్లలు కూర్చునే కుర్చీ వేసింది. నా మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.

"నీకు తెలుసా?" అని అడిగాను మిరియాన్ని.

"నీకు కనపడదనా? తెలుసు. నువ్వు చెప్పలేదు కాబట్టి నేనూ చెప్పలేదు."

డిపోకి కబురెళ్ళింది. కోడలు శిక్షణ మధ్యలోంచి లేచి వచ్చి నన్ను ఇంటికి తీసుకెళ్ళింది. వంటగదిలో కుర్చీలో కూర్చోబెట్టాక అందుకుంది.

"గుడ్డివాళ్ళకి ఒక బడి పెట్టి దానికి మీరే హెడ్మాస్టరుగా ఉండాల్సింది మావయ్యా! గోడమీద చెయ్యి పెట్టి నడుస్తున్నారేంటని నేనడిగితే, రంగు ఆరిందో లేదో చూస్తున్నానన్నారే! ఈ ఇంటికి రంగేసి ఎన్నేళ్ళయింది? ఇన్నేళ్ళూ ఆరకపోవడమేంటని నాకప్పుడైనా తట్టిందా? నా తెలివి తగలెయ్య! పంచదార డబ్బా అనుకుని ఉప్పు డబ్బా తీసి, కాఫీలో ఉప్పు ఆరోగ్యం అన్నారు. తాగాను! ముఖం చిట్లించకుండా తాగాను! మీ అబద్ధాలకి పన్ను వేస్తే ఈ ఊరికి రోడ్లన్నీ వెయ్యొచ్చు. పిల్ల పడుంటే? ఆ గోతిలో పిల్ల పడుంటే?"

ఆ ఆఖరిమాటకి తల దించుకున్నాను.

"రేపట్నుంచి డిపో మానేస్తాను" అంది.

ఆ మాటకి మాత్రం తలెత్తాను.

"నువ్వు మానితే నేను వెళ్ళి మళ్ళీ ఆ గోతిలోనే కూర్చుంటాను. గొట్టాలు నామీంచే వేసుకోమను. ఇన్నాళ్ళు నేను సున్నంలో నడిచింది నువ్వు బస్సు కడగడానికా? అమ్మాయ్, నా కళ్ళు పోతే పోనీ. నీ పూట పోకూడదు."

"మరి పిల్లని ఎవరు తీసుకెళ్తారు?"

"నేను తీసుకెళ్తా" అని గుమ్మంలోంచి వినపడింది. మావాడు. నిద్రలోంచి లేచొచ్చాడు, ఇంకా పిండి వాసన వస్తోంది. "మొదటి వాయి రొట్టెలు దించగానే వచ్చేస్తానని మేస్త్రీని అడుగుతాను. సాయంత్రం ఆ కాస్త ఎక్కువ చేస్తే సరి."

"ఇన్నాళ్ళూ అడగలేదేంట్రా మరి?"

"నువ్వు 'నేనుండగా' అన్నావు కదా నాన్నా. నువ్వా మాటన్నాక ఈ ఇంట్లో ఇంకోడికి పనేముంటుంది?"

వాడు నవ్వుతూనే అన్నాడు. గొయ్యి కన్నా ఆ మాట లోతుగా తగిలింది, దాన్ని మాత్రం నేను పెంచి చెప్పడం లేదు.

ఆ సాయంత్రం మిరియం ఎవరూ అడక్కుండానే పాత కాయితం తెచ్చి, వేలు కింద పెట్టి మళ్ళీ చదివింది. "నడక వరుసకు ముందు నడవడానికి పెద్దవాళ్ళు కావాలి."

ఇంక ఆగేది లేదనుకున్నాం. మర్నాడు సెలవు దినమైనా బడి పెద్ద పంతులమ్మగారి ఇల్లు కనుక్కుని తండ్రీకొడుకులం, పిల్లా వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాం. ఆవిడ మావాడికి ముందు నడిచే పని ఇచ్చింది. మా వీధిలో కవలపిల్లల తల్లిని వెనక నడవడానికి ఒప్పిస్తానంది. నేను గొంతు సవరించుకున్నాను.

"మరి నేను?"

"కళ్ళు బాగుచేయించుకునేదాకా మీరు ఇంట్లో ఉండాలండీ. మీ బాధ్యతమీద పిల్లల్ని వదల్లేను."

"ఇంట్లో ఉంటే రాక్షసుడి సంగతి పిల్లలకి ఎవరు చెప్తారు?"

ఆవిడకి రాక్షసుడెవరో తెలీదు. మా మిరియం తెలియజేసింది, దువ్వెన నుంచి పన్ను దాకా. అంతా అయ్యాక, "తాతయ్య బాధ్యత వద్దు మేడమ్. తాతయ్యకి ఒక ముడి ఇవ్వండి" అంది.

అలా దూడలమా అన్న నాకు తాడుమీద ఒక ముడి దొరికింది. మిరియం ముడికి వెనక, ముందు పళ్ళు ఊడిన ఒక చిన్నదాని ముడికి ముందు. నాక్కూడా మెరిసే కోటు వేశారు. కోడలు దాని కాలరు లోపల దారంతో నా పేరు కుట్టింది.

"నాకెందుకమ్మాయ్ పేరు?"

"మిమ్మల్ని ఎక్కడైనా పారేసుకుంటే పెట్టెలో వేస్తారు. నెలాఖరుకి ఎవరికైనా ఇచ్చేస్తారు మావయ్యా. అంత నష్టం మేం భరించలేం."

ముందు మావాడు పిండి బూట్లతో నడిచేవాడు. వాడి వెంట వేడి రొట్టె వాసన, ఆ వాసన వెంట పిల్లలు, పిల్లల మధ్య నేను. మిరియం తండ్రికి దగ్గరగా ఉండాలని మొదటి ముడి అడిగింది గాని, నన్ను పిల్లల మధ్యే ఉంచాలన్నారు కాబట్టి, నన్ను వదల్లేక రెండోదానికి ఒప్పుకుంది. పొద్దున్నే తండ్రితో మాట్లాడాలని దాని దగ్గర ఎన్ని కబుర్లు పోగుపడి ఉన్నాయో అప్పుడు తెలిసింది. వాడికీ కబుర్లు వచ్చని కూడా అప్పుడే తెలిసింది. ఒకరోజు వాడు రాక్షసుడి తమ్ముడిమీద ఒక కథ చెప్పాడు. నాకన్నా బాగా చెప్పాడని పిల్లలన్నారు. పిల్లలకేం తెలుసు!

మాలో మేం ఒక నియమం పెట్టుకున్నాం. కథలో ఏమైనా మార్చాలంటే రోడ్డు దాటాకే మార్చాలి.

చెట్లకి చివరి ఆకులు వేలాడుతున్న ఒక పొద్దున కూడలి దగ్గర ఆగమ్మ పలకెత్తింది. మేం తాడుతో సహా రోడ్డు మధ్యలోకి వచ్చాం. పక్కన ఏదో పెద్ద బండి ఆగి ఇంజను గురగురలాడుతోంది.

"పెద్దాయనా, ఆ బస్సులో ఎవరో చూడండి" అంది ఆగమ్మ.

"నాకు కనపడదని నీకు తెలుసుగా!"

"తెలుసు కాబట్టే చెప్తున్నా. మీ కోడలు."

నడిరోడ్డుమీద నిలబడిపోయాను. తాడు బిగిసింది. బడి దగ్గర హారన్ కొట్టకూడదని కాయితంలోనే ఉంది, అందుకని ఆవిడ కొట్టలేదు. బస్సు ముందు దీపాలు ఒకసారి ఆర్పి వెలిగించింది. ఆ సున్నపు కళ్ళకి వెలుతురొక్కటే రెట్టింపుగా కనిపించేది. మీకు రెండు దీపాలు కనిపిస్తాయేమో, నాకు రెండు సూర్యుళ్ళు కనిపించాయి. ఆవిడ చీకట్లో లేచి వెళ్ళిన పొద్దులన్నీ ఒక్కసారి ఉదయించినట్టున్నాయి.

"నడవండి నాన్నా, బస్సు ఆలస్యమైతే మొదటిరోజే తిట్లు తింటుంది" అన్నాడు మావాడు. ఎందుకో ఆ ఒక్కసారి నన్ను "మీరు" అన్నాడు.

చలి ముదరకముందే కళ్ళ డాక్టరు నా సున్నమంతా గీకేశాడు. కట్టు విప్పిన మర్నాడు నన్ను తపాలా డబ్బా దగ్గరికి తీసుకెళ్ళమన్నాను. చూసి నోరు వెళ్ళబెట్టాను.

అది పసుపు రంగు. పచ్చి పసుపు. బతుకంతా రంగులు కలిపినవాణ్ణి, ఒక రుతువంతా దాన్ని ఎర్ర బూటన్నాను!

"ఎప్పుడు మార్చారే దీని రంగు?"

"ఎప్పట్నుంచో ఇంతే తాతయ్యా."

"మరి నాకు చెప్పలేదేం?"

"నీ కథలో ఎర్రగా ఉందిగా. ఒకసారి కథ మారిస్తే గోతిలో పడ్డావు, మళ్ళీ ఎందుకని!"

ఇదీ జరిగింది. ఇందులో నేను కల్పించింది ఎక్కడో ఉందని మీరు వెతుకుతుంటారు. పంతులుగారి హాజరుకి పలికిన పేనా, గోతిలో తుమ్మా, పలక బదులు గొడుగా అనుకుంటారు. పేను సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. గొడుగు నిజం, ఇప్పుడు వెళ్ళి ఆగమ్మను అడగొచ్చు. తుమ్ము సంగతి నాకూ గోతికీ వదిలెయ్యండి.

కల్పించింది కోడలి తిట్లు.

ఆ రోజు ఆవిడ ఒక్క మాట తిట్టలేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుని, బురదకి బిగుసుకుపోయిన నా బూట్ల లేసులు గోళ్ళతో విప్పడం మొదలుపెట్టింది. ముడులు రావడం లేదు. చాలాసేపు పట్టింది. "ఎప్పట్నుంచి మావయ్యా?" అంది, తలెత్తకుండా. నేను ఏదో కథ అందుకోబోయాను, ఒక్కటీ రాలేదు. రెండో బూటు లేసు ఊడొచ్చాక డిపో మానేస్తానన్న మాట అంది. అదీ ఆ లేసులకి చెప్పినట్టే అంది.

ఆ చోటు ఉన్నదున్నట్టు రాద్దామని కూర్చున్నాను. గోడ మరీ బోసిగా కనిపించింది. అందుకని నాలుగు తిట్లు పూశాను.